పక్కవాద్యం చెవులతో బాల్కన్ దేశాల్లో

చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నవాళ్ళకి ఒక అలవాటు పోదు. ఏ కచేరీకి వెళ్ళినా పాడే మనిషిని వదిలేసి పక్కవాద్యాల వాళ్ళనే చూస్తూ కూర్చుంటారు. నాదీ అదే రోగం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం, ఆగస్టులో సెలవులు. బల్గేరియా, ఉత్తర మాసిడోనియా, సెర్బియా ఒకే చుట్టులో తిరిగి రావాలని బయల్దేరాను. మా ఆఫీసులో సెర్బియా నుంచి వచ్చిన ఒకాయన ముందే హెచ్చరించాడు. "ఏ దేశంలోనూ పక్క దేశం పాటని పొగడకు. అది మాదే, వాళ్ళు ఎత్తుకుపోయారు అంటారు" అని. అది జోక్ అనుకున్నాను కానీ, కాదు.

బల్గేరియా రాజధాని సోఫియాలో ఎక్కువసేపు ఆగలేదు. ఒక సాయంత్రం మాత్రం ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళ పాట విన్నాను. షోప్ అని పిలిచే ప్రాంతం అది. అక్కడి బిస్త్రిత్సా ఊరి బామ్మల బృందాన్ని యునెస్కో కూడా గుర్తించింది. ఒకావిడ గొంతెత్తి పాట అందుకుంటుంది, మిగతావాళ్ళు ఒకే స్వరం మీద నిలబడిపోతారు. పాట ఆ స్వరానికి పక్కనే, మరీ ఆనుకుని నడుస్తుంది. షడ్జమాన్నీ రిషభాన్నీ కలిపి గట్టిగా పట్టినట్టు ఉంటుంది. మన గురువులైతే వెంటనే చెవి మెలేసేవారు. వాళ్ళకి మాత్రం ఆ రాపిడే ముద్దు. అది ఎంత గట్టిగా గంటలా మోగితే పాట అంత బాగా కుదిరినట్టు. ఒక పది నిమిషాలకి నా చెవి కూడా లొంగిపోయింది.

ప్లోవ్‌దివ్ మీదుగా బస్సులు మారి రొదోపి కొండల్లోకి వెళ్ళాను. షిరోకా లుకాలో బస. రాతి పలకలు పరిచిన ఇళ్ళ కప్పులు, వాగు మీద గూనిలా వంగిన పాత వంతెనలు. జానపద కళలు నేర్పే జాతీయ పాఠశాల ఆ చిన్న ఊళ్ళోనే ఉంది. అక్కడి నుంచి కొండెక్కితే గెలా. ఆగస్టు మొదట్లో అక్కడ గైదా పోటీ జరుగుతుంది. స్థానికులు అది గ్రీకు పురాణాల్లోని గాయకుడు ఓర్ఫియస్ పుట్టిన ఊరని చెప్పుకుంటారు. మన దగ్గర ప్రతి రెండో కొండ మీదా సీతమ్మ స్నానం చేసిన గుంట ఉంటుంది కాబట్టి నేను వాదించలేదు.

గైదా అంటే మేకతోలు తిత్తికి గొట్టాలు బిగించిన వాద్యం. రొదోపి వాళ్ళది కబా గైదా. మామూలు గైదా కంటే పెద్దది, మంద్రంగా పలుకుతుంది. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం ఊదే తిత్తి కూడా మేకతోలుదే, కానీ అది శ్రుతి పట్టడంతో సరిపెట్టుకుంటుంది. గైదాలో అలా కాదు. ఒక గొట్టం మీద వేళ్ళతో పాట వాయిస్తారు, ఇంకో పొడుగాటి గొట్టం ఒకే స్వరాన్ని ఆపకుండా మోగిస్తుంది. ప్రధాన వాద్యం, శ్రుతి రెండూ ఒకే మనిషి చంకలో ఉన్నాయన్నమాట. పచ్చికబయలు అంచున ఒక పెద్దాయన వాయించబోతూ ఆ పొడుగు గొట్టాన్ని అతుకు దగ్గర కొంచెం బయటికి లాగాడు, విన్నాడు, మళ్ళీ రవ్వంత లోపలికి తోశాడు. పక్కన మనవడు కాబోలు, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూపించబోయాడు. ఆయన వాడి చెయ్యి పక్కకి నెట్టేశాడు.

1977లో వోయేజర్ నౌకలతో పాటు అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో ఒక రొదోపి పాట ఉంది. పాడినావిడ వాల్యా బల్కాన్‌స్కా. ఆవిడ పేరు బల్గేరియాలో అందరికీ తెలుసు. ఆ పాటకి గైదాలు వాయించినవాళ్ళు ఇద్దరు, లజార్ కనేవ్‌స్కీ, స్తెఫాన్ జహ్‌మానోవ్. బస చేసిన ఇంటి యజమానురాలిని వాళ్ళ గురించి అడిగాను. పాట మొత్తం పాడి వినిపించింది కానీ ఆ పేర్లు చెప్పలేకపోయింది. నక్షత్రాల మధ్యకి వెళ్ళినా పక్కవాద్యం వాళ్ళ బతుకు అంతే!

పోటీ అయ్యాక అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడడం మొదలుపెట్టారు. తుపాన్ అనే పెద్ద డోలు కలిసింది. దాన్ని ఒక వైపు లావు కర్రతో, రెండో వైపు సన్నటి పుల్లతో కొడతారు. నా వేళ్ళు వాటంతట అవే లెక్క పెట్టుకున్నాయి: తక, ధిమి, తకిట. రెండు, రెండు, మూడు. వాళ్ళు రాచెనిత్సా అనే ఈ నడక మన ఏడు అక్షరాల మిశ్ర చాపు తాళాన్ని వెనక్కి తిప్పితే వచ్చేది, అంటే శ్యామశాస్త్రి గారు ఇష్టంగా వాడుకున్న విలోమ చాపు. ఆ తర్వాత పదకొండు అక్షరాల కొపనిత్సా వచ్చింది: రెండు, రెండు, మూడు, రెండు, రెండు. మన దగ్గర ఇలాంటి లెక్కలు పల్లవి పాడే విద్వాంసులకే. అక్కడ ఒక చేత్తో ఐస్‌క్రీమ్ పట్టుకున్న పదేళ్ళ పిల్ల తప్పకుండా ఆడేస్తోంది. నన్నూ లాగారు. లెక్క తెలిసినా కాళ్ళు వినలేదు.

సోఫియా నుంచి ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేకి బస్సు. పాత బజారు సందుల్లో రాగి సామాన్ల కొట్లు, టర్కిష్ కాఫీ, మసీదులు. మర్నాడు తెలిసినవాళ్ళ వెంట షుటో ఒరిజారి వెళ్ళాను. రోమా జనం ఎక్కువగా ఉండే మునిసిపాలిటీ అది. వాళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళ కిందట మన దేశం వైపు నుంచి వెళ్ళినవాళ్ళే, భాష కూడా మన ఉత్తరాది భాషలకి చుట్టం. నా మొహం చూడగానే ఒక ముసలాయన పాత హిందీ సినిమా పాట అందుకున్నాడు. నాకు తెలుగు పాటలే ఎక్కువ తెలుసంటే ఏం అర్థమవుతుంది! తలూపాను.

అక్కడ వీధిలో పెళ్ళి ఊరేగింపు దొరికింది. ఇద్దరు జుర్లా వాళ్ళు, ఒక డోలు. మాసిడోనియాలో దాన్ని తపాన్ అంటారు. జుర్లా మన సన్నాయి కుటుంబానిదే, చెక్క గొట్టం, చివర విచ్చుకున్న నోరు. పెదవులకి ఆనే చోట గుండ్రటి బిళ్ళ ఉంటుంది. మూతిని దానికి అదిమిపెట్టి రీడుని మొత్తం నోట్లోకి తీసుకుని వాయిస్తారు. పెద్దాయన పాట వాయిస్తుంటే నేను రెండో అతన్నే చూశాను. ఇరవై ఏళ్ళు ఉండవు. అతని పని ఒకే స్వరం పట్టి ఉంచడం. బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి, ముక్కుతో గాలి పీలుస్తున్నాడు, స్వరం ఎక్కడా తెగలేదు. కారు అడ్డొస్తే పక్కకి జరిగాడు, ఎవరో జేబులో నోటు పెడితే కళ్ళతోనే థ్యాంక్స్ చెప్పాడు. స్వరం మాత్రం కదల్లేదు. మన మేళాల్లో ఈ కుర్రాడి ఉద్యోగం ఎప్పుడో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తీసేసుకుంది. అందులో నాకేమీ తప్పు కనిపించేది కాదు. ఆ రోజు కొంచెం కనిపించింది.

మధ్యలో ఒక నిదానమైన పాట వాయించారు. మూడు, రెండు, రెండు, అచ్చంగా మిశ్ర చాపు. వాళ్ళ దగ్గర దాని పేరు లెస్నోతో. పాట ఎక్కడో విన్నట్టుందే అనుకుని, బల్గేరియాలో విన్నానని నోరు జారాను. "మా దగ్గర్నించి ఎత్తుకుపోయారు" అన్నారు వెంటనే. ఆఫీసు స్నేహితుడికి అక్కడి నుంచే మెసేజ్ పెట్టాను.

చివరి మజిలీ గూచా. పశ్చిమ సెర్బియాలో చాచక్ పట్నానికి దగ్గర్లో చిన్న ఊరు. 1961లో చర్చి ఆవరణలో నాలుగు బృందాలతో మొదలైన ట్రంపెట్ల పోటీ ఇప్పుడు లక్షల మంది వచ్చే జాతర అయింది. సెర్బియాకి ఈ ఇత్తడి వాద్యాలు సైన్యం ద్వారా వచ్చాయి. 1831లో అప్పటి పాలకుడు మిలోష్ ఒబ్రెనోవిచ్ తన కొలువులో సైనిక బ్యాండు పెట్టించాడు. తర్వాత బ్యాండు వాద్యాలు పల్లెలకి చేరి పెళ్ళిళ్ళలో, చావుల్లో స్థిరపడ్డాయి. పడమటి బృందాలు కోలో అనే గుండ్రటి ఆటపాటలు వాయిస్తాయి. దక్షిణాదివి ఎక్కువగా రోమా బృందాలు, వాళ్ళు వాయించే చోచెక్ అనే ఆటపాటలో తూర్పు వాసన ఎక్కువ. ఎన్నో బహుమతులు కొట్టిన బోబన్ మార్కోవిచ్ అటు వైపు వాడే.

జాతర మొత్తం నాకు నచ్చిందని చెప్పను. తెల్లారకముందే తాగినవాళ్ళు రోడ్డు పక్కన పడి ఉంటారు. కొన్ని దుకాణాల్లో పక్క దేశాలతో యుద్ధాలు జరిగిన కాలపు నాయకుల బొమ్మలతో టీషర్టులు వేలాడుతుంటే ఆ దేశాల వాళ్ళు ఇక్కడికి ఏ మొహంతో వస్తారా అనిపించింది. కట్టెల మంట మీద మట్టికుండల్లో గంటల తరబడి మాంసంతో ఉడికే పెళ్ళి క్యాబేజీ మాత్రం అద్భుతం. స్టేడియంలో పోటీ కంటే టెంట్ల కింద బల్లల దగ్గర వాయించేదే అసలు సంగీతం. అక్కడ వేదిక లేదు. ట్రంపెట్ మీ చెవికి జానెడు దూరంలో ఉంటుంది. ఆనందం పట్టలేక జనం నోటుని చెమటతో తడిసిన వాయిద్యగాడి నుదుటికి అంటిస్తారు, లేదా ట్రంపెట్ నోట్లో దోపుతారు.

నోట్లన్నీ ముందున్న ట్రంపెట్ వాళ్ళకే. వెనక వరసలో నలుగురు టెనర్ హార్న్ వాళ్ళు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో "చ, చ, చ" అని ఎదురు వాయిస్తూ నిలబడతారు. పాట వాళ్ళకి లేదు. ఒళ్ళంతా చుట్టుకునే పెద్ద ఇత్తడి బూర, హెలికన్, మోసేవాడు కింద బరువు పెడతాడు. డ్రమ్ము మీదే బిగించిన తాళంతో ఇంకొకడు. ఆ నలుగురూ ఒక్క క్షణం ఆగారు, బహుశా సిగరెట్ కోసం. ట్రంపెట్లు ఎంత గట్టిగా ఊదినా బల్లల మీద ఎగురుతున్నవాళ్ళ కాళ్ళు చల్లబడిపోయాయి. వాళ్ళు మళ్ళీ అందుకోగానే జనం లేచారు. కాసేపటికి బృందం వ్యాను వెనక్కి వెళ్ళి నోట్లు లెక్క పెట్టుకుంది. హార్న్ వాళ్ళ చేతుల్లోకీ సమానంగానే వెళ్ళాయి, నేను నిలబడి చూశాను.

తిరుగు బస్సులో హెలికన్‌తో ఒకడు ఎక్కాడు. కండక్టర్ సామానుకి వేరే టికెట్ తీసుకుని కింద డిక్కీలో పెట్టమన్నాడు. అది అందులో పట్టలేదు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి హెలికన్‌ని తలమీంచి ఒంటికి తగిలించుకుని, "ఇది సామాను కాదు, నేనే" అని నా పక్క సీట్లో కూర్చున్నాడు. చాచక్ దాకా ఆ ఇత్తడి నోరు నా భుజం మీదే ఉంది.