నైసా, బరకా?

ఆదివారం. పొద్దున్నే అమ్మ రెండు కిలోల మినుములు దోరగా వేయించి, స్టీలు డబ్బాలో పోసి నా చేతికిచ్చింది. "సున్నుండలకని చెప్పు. మరీ నైస్‌గా పడితే అంగిట్లో అంటుకుంటుంది, కాస్త బరక తగలాలి" అని గేటు దాకా వచ్చి మళ్ళీ చెప్పింది.

మిల్లు దగ్గర మాకన్నా ముందు ఐదు డబ్బాలున్నాయి. మిల్లాయన ఎవరొచ్చినా ఒకటే అడుగుతున్నాడు, "నైసా, బరకా?" అని. జంతికల బియ్యం తెచ్చినావిడ నైస్ అంది. ఆయన గుడ్డగొట్టంలోంచి పడుతున్న వేడి పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, మరని ఇంకాస్త బిగించాడు.

నాతో వచ్చిన మావాడు ఆరో తరగతి. "నైస్ అంటే మంచి అని కదమ్మా టీచర్ చెప్పింది. మరి బరక పిండి చెడ్డదా?"

డిగ్రీలో చదివిన ఇంగ్లిష్ లిటరేచర్ ఎప్పుడు పనికొచ్చింది కనక! మొదలుపెట్టేశాను. లాటిన్‌లో నెస్కియుస్ అంటే ఏమీ తెలియనివాడు. ఆ మాట ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ. తర్వాత పట్టింపులు ఎక్కువైన మనిషి, ఆపైన సున్నితం, సూక్ష్మం. 'బాగుంది' అనే అర్థం స్థిరపడింది 18వ శతాబ్దంలో. వెంట్రుకవాసి తేడాని నైస్ డిస్టింక్షన్ అని ఇప్పటికీ అంటారు. మన మిల్లు నైస్‌కి అదే దగ్గరి చుట్టంలా ఉంది.

ఇంతలో వెనకున్నాయన మిల్లాయన్ని పిల్లల చదువుల గురించి అడుగుతూ, నైసుగా తన డబ్బా మా ముందుకు జరిపేశాడు. ఈ అర్థం మాత్రం అచ్చంగా మనదే. మావాడికి వేరే చెప్పక్కర్లేకుండా అర్థమైపోయింది.

మా వంతు వచ్చింది. మర హోరులో మిల్లాయన ఏదో కేకేశాడు. నేనింకా మావాడితో "నైస్ అంటే..." అంటూనే ఉన్నాను. అంతే.

ఇంటికొచ్చాక అమ్మ చిటికెడు పిండి వేళ్ళతో రుద్ది నావంక చూసింది. ఏమీ అనలేదు. బెల్లం, నెయ్యి కలిపి ఉండలు చుట్టాం. మొదటిది నోట్లో వేసుకుంటే అంగిలికి అతుక్కుపోయి కాసేపు నాకు మాట రాలేదు. నెస్కియుస్ గుర్తొచ్చింది.

సాయంత్రం పళ్ళెం ఫొటో తీసి డాలస్‌లో ఉన్న చెల్లికి పంపాను. వెంటనే ఒక్క ముక్క జవాబొచ్చింది.

"ఏమందే?" అంది అమ్మ.

"నైస్ అంది."

"ఫొటోలో కూడా తెలిసిపోతోందా!"