గుట్కా కోసం గోడ దూకించడం కూడా వేధింపే
మహబూబ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న మా అక్క కొడుకు దసరా సెలవులకు వచ్చినప్పుడు, పెద్ద తరగతుల పిల్లలు తనను గోడ దూకించి గుట్కా తెప్పించుకుంటున్నారని, కాదంటే దుప్పటి తడిపేస్తున్నారని, ఒకసారి తన నోట్లోనూ బలవంతంగా పోశారని చెప్పాడు. వేధింపునూ వ్యసనాన్నీ వేర్వేరుగా చూడడం సరికాదని నాకు అప్పుడే బాగా అర్థమైంది. విద్యాసంస్థలకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నా, ఆ గోడ పక్కనే గుట్కా అమ్మే డబ్బా నడుస్తోంది.

బావా నేనూ వెళ్లి మాట్లాడితే వార్డెన్ గారు ఎవరినీ కొట్టకుండా (ఇది ఎంతో మెచ్చుకోదగిన విషయం) ఆ పిల్లల తల్లిదండ్రులను పిలిపించి, మానలేకపోతున్న ఒక అబ్బాయి కోసం వ్యసనం మానడానికి సాయపడే 14446 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించారు. ఆపదలో ఉన్న పిల్లలు స్వయంగా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చని మీ ఇంట్లోనూ ఈరోజే చెప్పండి.