తమ్ముడి కడుపు, మోడల్ టెస్టులు, కాస్త ఇంగువ

ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి తమ్ముణ్ణి ఆయుర్వేద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. గ్రూప్స్ కోచింగ్ కోసం పలమనేరు నుంచి వచ్చి, తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మోడల్ టెస్టు ఉందంటే చాలు, పొద్దున్నే కడుపు పట్టేస్తుంది. ఇడ్లీ నోట్లో పెట్టుకున్న కాసేపటికే బాత్రూమ్‌కు పరుగు. టెస్టు లేని వారం ఇంకోలా ఉంటుంది: ఉబ్బరం, మోషన్ సరిగా కాదు, రాత్రికి అన్నం వద్దంటాడు.

ఇంతకుముందే గ్యాస్ట్రో డాక్టరు రక్తపరీక్షలు, స్కానింగు, ఎండోస్కోపీ అన్నీ చేయించి, ఏమీ లేదు, ఇది ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ దొరక్కపోయినా కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకంతో వేధించే పేగుల సమస్య), టెన్షన్ తగ్గించుకో అన్నారు. ఆ పరీక్షలు చేయించినందుకు నాకు ధైర్యంగానే ఉంది. కానీ రిపోర్టులు నార్మల్ అని తెలిసిన రోజు నుంచి బంధువులంతా వాడిది ఉత్త భయమే అన్నట్టు మాట్లాడుతున్నారు. అది వింటే నాకు కష్టంగా ఉంటుంది. వాడి నొప్పి నిజం. మన పేగుల గోడల్లోనే కోట్ల నాడీకణాలు ఉంటాయి, మెదడుతో వాటికి ఎప్పుడూ రాకపోకలు నడుస్తుంటాయి. మనసులో భయం పుడితే పేగుల కదలిక మారుతుంది, మామూలు గ్యాస్ కూడా నొప్పిగా తెలుస్తుంది. పిల్లవాడు కావాలని తెచ్చుకున్న జబ్బు కాదిది.

డాక్టరమ్మ చదివింది ఇక్కడే, టీటీడీ వాళ్ల ఎస్వీ ఆయుర్వేద కళాశాలలో. నాడి చూశారు, నాలుక చాపమన్నారు, రిపోర్టులన్నీ తిరగేశారు. ఆ తర్వాత చాలాసేపు ప్రశ్నలే. "ఎన్నింటికి తింటావు బాబూ? తినేటప్పుడు ఏం చేస్తుంటావు?"

"ఫోన్లో కరెంట్ అఫైర్స్ వింటూ తింటా మేడమ్. టైమ్ వేస్ట్ కాకుండా."

"నిద్ర?"

వాడు నా వైపు చూశాడు. రాత్రి ఒంటిగంట దాకా లైటు వెలుగుతూనే ఉంటుందని నేనే చెప్పాను.

జఠరాగ్ని, అంటే తిన్నది అరిగించే శక్తి, అందరిలో ఒకేలా ఉండదట. సమంగా ఉంటే సమాగ్ని, మందగిస్తే మందాగ్ని, మండిపోతుంటే తీక్ష్ణాగ్ని. ఒకరోజు అరిగి, ఒకరోజు అరగక, ఒకసారి విరేచనాలు, ఒకసారి మలబద్ధకం అయితే అది విషమాగ్ని, వాతం వల్ల వచ్చేది. మావాడిది అచ్చంగా ఇదే. వేళ తప్పిన తిండి, నిద్ర లేకపోవడం, దిగులు, ఈ మూడూ వాతాన్ని పెంచేవేనన్నారు.

ఆ తర్వాత చెప్పిన విషయం ఇంటికొచ్చాక కూడా నా మనసులో తిరుగుతూనే ఉంది. చరక సంహితలో విమానస్థానం అనే భాగంలో ఉందట: మంచి ఆహారాన్ని తగిన మోతాదులోనే తిన్నా సరే, చింత, శోకం, భయం, కోపం, సుఖం లేని పడక, రాత్రి మేలుకోవడం వీటివల్ల అది అరగదు అని. ఎప్పటి గ్రంథం! అందులో మా తమ్ముడి హాల్ టికెట్ ఒక్కటే తక్కువ. వాడి మొహంలో ఎంత నిమ్మళం కనిపించిందో! తన బాధకు ఒక పేరుంది, ఒక కారణముంది అని పెద్దావిడ ఎవరో కూర్చోబెట్టి చెప్పడం వాడికి ఇదే మొదలు.

మందు పెద్దగా ఏమీ లేదు. హింగ్వాష్టక చూర్ణం రాశారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, జీలకర్ర, నల్ల జీలకర్ర, సైంధవ లవణం, ఇంగువ, మొత్తం ఎనిమిది. నీళ్లలో కలుపుకుని తాగడం కాదు, అన్నం మొదటి ముద్దలో నెయ్యి వేసి దాంతో కలిపి తినాలి. యూట్యూబ్‌లో చూశానని తమ్ముడు అశ్వగంధ సంగతి అడిగాడు. ఇప్పుడు అవసరం లేదు, ఎవరికి వారు కొనుక్కుని మింగే మందు కాదది, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు ఇబ్బంది, అరుదుగా కాలేయానికీ దెబ్బ అన్నారు. మోషన్‌లో రక్తం పడినా, నల్లగా వచ్చినా, బరువు తగ్గినా, నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా చూర్ణాలు పక్కన పెట్టి వెంటనే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికే పరుగెత్తమన్నారు. ఈ మాట చెప్పినందుకు ఆవిడ మీద నమ్మకం ఇంకా పెరిగింది నాకు.

మధ్యాహ్నం అన్నం నేనే వడ్డించాను. పొగలు కక్కే అన్నం కొంచెం పక్కకు తీసి, చూర్ణం అర చెంచా చల్లి, కరిగిన నెయ్యి పోశాను. నెయ్యి తగలగానే ఇంగువ వాసన వంటింటి దాకా కొట్టింది. వేలితో కలుపుతుంటే పొడి బూడిదరంగు నుంచి గోధుమరంగుకు తిరిగింది. మొదటి ముద్దకు మిరియం ఘాటు గొంతులో తగిలి వాడికి కళ్లలో నీళ్లొచ్చాయి. "అక్కా, బాగుంది, కానీ నీళ్లు ఇయ్" అన్నాడు. ఆ తర్వాత బీరకాయ పప్పు, చివర్లో వెన్న తీసిన పల్చటి మజ్జిగలో వేయించిన జీలకర్ర. అన్నిటికంటే కష్టమైంది ఫోన్ లేకుండా తినడం. చెయ్యి రెండుసార్లు టేబుల్ మీదికి పోయింది. వేడిగా తినాలి, మరీ గబగబా వద్దు, మరీ సాగదీయొద్దు, మనసు తిండి మీదే ఉండాలి, ఇవీ ఆ పాత గ్రంథంలోనివేనట. తిన్నాక డాబా మీద వంద అడుగులు నడిచి వచ్చాడు.

రాత్రి పెరుగు వద్దన్నారు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి పెరుగన్నం లేకుండా భోజనం ముగించమంటే ఎలా! రసం అన్నంతో సరిపెట్టాను, ఎనిమిది లోపే. పడుకునే ముందు అరికాళ్లకు నువ్వుల నూనె మర్దన చేసుకుంటే నిద్ర పడుతుందట, సీసా వాడి మంచం పక్కనే పెట్టాను.

ఇంతలో పలమనేరు నుంచి అమ్మ ఫోన్. రోజూ సరిగ్గా వాడు కంచం ముందు కూర్చునే వేళకే చేస్తుంది, ఎత్తగానే "మార్కులెన్ని వచ్చినాయి నాయనా?" అంటుంది. ప్రేమతోనే అడుగుతుంది, నాకు తెలుసు. ఈ రోజు ఫోన్ నేనే తీసి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. తిండి వేళకు మార్కుల మాట వద్దమ్మా, తొమ్మిది దాటాక చెయ్యి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేనడిగితేనే వాడికి కడుపునొప్పి వస్తుందా?" అంది. నీ ఒక్కదాని వల్ల కాదమ్మా, చాలావాటిలో అదొకటి అన్నాను. రేపటి నుంచి ముందు నాకే చేస్తానంది.