ఇసుక మేట కింద పంట రుణం

2024 జూలై 30న తెలంగాణ ప్రభుత్వ రుణమాఫీ రెండో విడతలో నా పాత పంట రుణం తీరింది. ఆగస్టులో అదే బ్యాంకులో మూడెకరాల మీద లక్షా ఇరవై వేలు కొత్తగా తీసుకుని నాటు వేశాను. నెల తిరగకుండానే, సెప్టెంబరు 1న, కోదాడ వైపు కురిసిన కుండపోతకు సాగర్ ఎడమ కాలువ తెగి, పొలమంతా ఇసుక మేట వేసింది. గడ్డపార దింపితే మోకాటి లోతు దాటాక గానీ నల్లమట్టి తగలలేదు.

ప్రభుత్వం ప్రకటించిన ఎకరాకు 10,000 రూపాయల పరిహారంతో అప్పు సంగతి కూడా తేలిపోతుందని నేను పొరబడ్డాను. పరిహారం వేరు, రుణం వేరు. పంట నష్టం 33 శాతం దాటి, జిల్లా యంత్రాంగం ఆ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా గుర్తించినప్పుడు, విపత్తు నాటికి గడువు మీరని పంట రుణాన్ని దీర్ఘకాలిక రుణంగా మార్చే వెసులుబాటు అప్పటి రిజర్వు బ్యాంకు నిబంధనలలో ఉండేది. నష్టం సగానికి మించితే తీర్చడానికి ఐదేళ్ల వరకు గడువు ఇవ్వడానికి వీలుండేది, అందులో మొదటి ఏడాది కిస్తీ ఉండేది కాదు. ఈ మాట నాకు బ్యాంకులో ఎవరూ చెప్పలేదు; రైతుల సమావేశాలకు కట్టిన రైతు వేదికలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారు చెప్పారు.

ఆయన ట్యాబులో నా సర్వే నంబరు తెరిచి, ఇసుకలో నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. ఆయన నమోదు చేసిన పంట నష్టం జాబితా నకలు, పాసుపుస్తకం, ఆధార్ జతచేసి అర్జీ ఇస్తే, బ్యాంకులో మొదట "రెన్యువల్ టైముకు రండి" అన్నారు. రెన్యువల్ అంటే ఏమిటో మా ఊళ్లో అందరికీ తెలుసు: నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి ఒకపూట కట్టి, మళ్లీ తీసుకోవడం. అందుకే రెండో ప్రతి మీద 'అందినది' అన్న ముద్ర, తేదీ వేయించుకునే దాకా కౌంటరు దగ్గర నుంచి కదలలేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు.

నాకు నాలుగేళ్ల గడువు వచ్చింది. రెండో ఏడాది నుంచి మామూలు వడ్డీ పడుతుందన్న వాక్యం చిన్న అక్షరాలలో ఉంది. సంతకానికి ముందే చదివించుకున్నాను. ఇది కాక నేను కౌలుకు చేస్తున్న రెండెకరాలకు మాత్రం ఇవేవీ వర్తించలేదు. వాటి పరిహారం పట్టాదారు ఖాతాలో పడింది, ఆయన సగం నాకిచ్చాడు. ఆ డబ్బు ఇసుక ఎత్తిన జేసీబీ కిరాయికే చాలలేదు.