టెంట్ అంటే లాగి కట్టినది

నిన్న రాత్రి వానలో టెంట్ కింద పడుకున్నాం. ఒక మూల తాడు వదులైంది. ఆ మడతలో చెంబెడు నీళ్లు నిలిచి, బొట్టుబొట్టుగా మొహం మీద పడ్డాయి. లేచి, మేకు మళ్లీ లోతుగా కొట్టి తాడు బిగించాను. గుడ్డ డప్పులా మోగింది, నీళ్లు జారిపోయాయి. అప్పుడు తట్టింది, టెంట్ అన్న మాటలో ఉన్నది ఇదే కదా అని! లాటిన్‌లో 'తెందెరె' అంటే సాగదీయడం, చాచడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. టెన్షన్ కూడా ఆ వేరు నుంచే. పెవిలియన్ ఇంకా అందం: దాని మూలం 'పాపిలియో', అంటే సీతాకోకచిలుక. రెక్కలు విప్పినట్టుండే పెద్ద గుడారాలకు ఆ పేరు.

మన గుడారం కన్నడంలో గుడార, తమిళంలో కూడారం. డేరా మాత్రం హిందీ, ఉర్దూల దారిన వచ్చింది. నాకు ఆ మాటంటే భలే ఇష్టం. ఎవరైనా వచ్చి కదలకపోతే 'డేరా వేశాడు' అంటాం, వెళ్లిపోతే 'డేరా ఎత్తేశాడు' అంటాం. చుట్టి భుజాన వేసుకుపోయే ఇంటి పేరు, పాతుకుపోయి కూర్చోవడానికీ సరిపోయింది చూడండి.

పొద్దున మడిచేటప్పుడు గుడ్డ ఇంకా తడిగానే ఉంది.