మాండ్వా నుంచి ముంబైకి, నీళ్ళ మీద

శ్రీకాకుళం నుంచి ముంబై అంటే మనకి తెలిసిన దారి ఒకటే, ఆమదాలవలసలో కోణార్క్ రైలు ఎక్కడం, ఒక రోజు దాటి కూర్చుని కూర్చుని నడుం పట్టేసి దిగడం. నేనూ రెండుసార్లు అలాగే వెళ్ళాను. దిగితే జనం, తోపులాట, ఊరు ఎలా ఉంటాదో చూసేలోపే అది మన మీద పడిపోద్ది. ఈసారి డిసెంబర్‌లో బ్యాగ్ తగిలించుకుని ముందు ముంబైకి సముద్రం అవతల ఉన్న అలీబాగ్ వెళ్ళిపోయాను, రెండ్రోజులుండి అక్కణ్ణుంచి ముంబైకి బోటులో వెళ్ళాను.

అలీబాగ్ చూస్తే మన కళింగపట్నమే గుర్తొచ్చింది. కొబ్బరి చెట్లు, ఎండు చేపల వాసన, మధ్యాహ్నం అయితే రోడ్డు మీద మనిషుండడు. ఎదురుగా సముద్రంలో కొలాబా కోట, పాటు సమయంలో నడిచే వెళ్ళిపోవచ్చు, పోటు వచ్చిందంటే పడవ ఎక్కాల్సిందే. నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నడిచే వెళ్ళాను. లోపల మంచినీళ్ళ బావి ఉంది! చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో తాగే నీళ్ళు. ఆ బావి గట్టు మీద ఎంతసేపు కూర్చున్నానో, నీళ్ళు పెరుగుతున్నాయి బయల్దేరమని ఎవరో అరిస్తే గానీ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే మాండ్వా జెట్టీకి బస్సు, ఆ ఛార్జీ బోటు టికెట్‌లోనే కలిసిపోయి ఉంటాది. రోడ్డు మీద వంద కిలోమీటర్ల దాకా చుట్టు తిరగాల్సింది నీళ్ళ మీద గంటలో అయిపోద్ది. బోటు కదిలిందో లేదో తెల్ల పిట్టలు గుంపుగా వెంటపడ్డాయి. తర్వాత లంగరేసిన పెద్ద పెద్ద ఓడలు, వాటి పక్కనుంచి వెళ్తుంటే మన బోటు అగ్గిపెట్టెలా ఉంది. ఆ తర్వాత మంచులోంచి బిల్డింగులు ఒక్కొక్కటే పైకి లేచాయి, తాజ్ హోటల్ గుమ్మటం, దాని ముందు గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911లో బ్రిటిష్ రాజు వచ్చి దిగిన గుర్తుకి కట్టడం మొదలెట్టి 1924కి పూర్తి చేశారు, 1948 ఫిబ్రవరి 28న వాళ్ళ చివరి సైన్యం దాని కిందనుంచే ఓడెక్కి వెళ్ళిపోయింది. దాని ముఖం సముద్రం వైపే, ఒడ్డు మీదనుంచి చూసినన్నాళ్ళూ నేను చూసింది దాని వీపన్నమాట.

అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. వాళ్ళ అయ్య కళింగపట్నం రేవులో ఓడెక్కి రంగం, అదే బర్మాలో రంగూన్, వెళ్ళాడంట. "ఊరు ముందు చుక్కలా కనపడీదంట, దగ్గరకెళ్ళేకొద్దీ పెద్దదైపోయీదంట" అని చెప్పేది, చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఆయన రంగం చూసినట్టే నేను ముంబై చూశాను, ఆ మాట చెప్దామంటే ఇప్పుడావిడ లేదు.

రాష్ట్రంలో అన్నిటికన్నా పొడుగు తీరం మన శ్రీకాకుళం జిల్లాదే, 190 కిలోమీటర్ల పైనే. అయినా మనలాంటోళ్ళు ఎక్కి పక్క ఊరెళ్ళే పడవ ఒక్కటి లేదు. ముంబైది లోపలికి చొచ్చుకొచ్చిన హార్బర్, అలలు తక్కువ, మనది బాహాటంగా ఉన్న సముద్రం, ఒడ్డు దగ్గరే కెరటం లేచి విరుగుతాది, కష్టమే, తెలుసు. కానీ కళింగపట్నంలో ఎక్కి విశాఖలో దిగాలని నాకు చాలా ఉంది, డాల్ఫిన్స్ నోస్ కొండ దూరంనుంచి మెల్లగా దగ్గరకొస్తుంటే చూడాలని ఉంది.

వెళ్ళేవాళ్ళు దసరా దాటాక వెళ్ళండి, వానాకాలం గేట్‌వే బోట్లు ఆపేస్తారు. మాండ్వాలో ఎక్కగానే ఎడమ పక్క సీటు పట్టుకోండి, ఊరు అటే కనపడతాది.