అస్లాక్సెన్ వేషం

పాలకొల్లు, ఆదివారం రాత్రి

ఈ రోజు ప్రెస్సులో ఒక పెళ్లికార్డుకు ప్రూఫు దిద్దడం, సాయంత్రం రిహార్సల్సుకు కావలసిన నీలం, తెలుపు కాగితాలను చిన్న చీటీలుగా కోయడం తప్ప చెప్పుకోదగిన పనేమీ జరగలేదు. ఆ చీటీలు మేము ఆడబోతున్న, నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘ప్రజాశత్రువు’ నాలుగో అంకంలో ఓట్లు. ఊరికి పేరూ ఆదాయమూ తెస్తున్న స్నానవాటికల నీరు తోళ్ల కార్ఖానాల మురికితో విషమయిందని కనిపెట్టిన డాక్టర్ స్టాక్‌మన్‌ను, నిండు సభ ఆ చీటీలతోనే ప్రజాశత్రువుగా తీర్మానిస్తుంది. వ్యతిరేకంగా పడేది ఒకే ఒక్క ఓటు, అదీ తాగి సభలోకి వచ్చినవాడిది. ఆ ఫలితాన్ని గంభీరంగా ప్రకటించే సభాధ్యక్షుడు అస్లాక్సెన్ ఒక ప్రెస్సు యజమాని. నా వేషం అదే. వేషాలు పంచిన రోజున మాస్టారు నావైపు చూసి, “మీకు మేకప్పు కూడా అక్కర్లేదండీ” అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను.

చీటీలు కోస్తూండగా పెళ్లికొడుకే స్వయంగా ప్రూఫు చూసుకోవడానికి వచ్చాడు. మూడేళ్ల క్రితం ఇదే కుర్రవాడు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని, వెయ్యి కరపత్రాలు వేయించాలని వచ్చాడు. వాళ్ల ఊరి మంచినీళ్ల చెరువును నింపే పంటకాలవలోకి రొయ్యల చెరువుల నీటిని వదులుతున్నారని, వేసవిలో కాలవలు కట్టేసే ముందు చెరువు నింపుకొంటే ఆ నీరే రెండు నెలలు తాగాల్సి వస్తోందని, అందులో పేర్లతో సహా రాసి ఉంది. ఆ పేర్లలో రెండు ఏటా నా దగ్గర క్యాలెండర్లు వేయించుకొనేవారివి. నేను కాగితాన్ని రెండుసార్లు చదివి, మిషను రిపేరులో ఉందని చెప్పాను. అంతటితో ఊరుకోక, విషయం మంచిదే గాని ఎవరినీ నొప్పించకుండా కాస్త మెత్తగా రాయమని సలహా కూడా ఇచ్చాను. లోపల మిషను ఆడుతున్న చప్పుడు వాళ్లకు వినిపించే ఉంటుంది.

ఈ రోజు అతను ప్రూఫులో ఇంటిపేరుకు ఒక దీర్ఘం సరిచేసి, అడ్వాన్సు నా చేతిలో పెట్టి, లేస్తూ అడిగాడు: “మిషను బాగయిందాండీ, బాబాయిగారూ?” ఆ గొంతులో ఎగతాళి ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. “ఆ, ఎప్పుడోనయ్యా” అన్నాను.

అస్లాక్సెన్‌ను మొదట చదివినప్పుడు పిరికివాడనుకొన్నాను గాని, పాఠం నోటికి వచ్చేకొద్దీ సంగతి అంత తేలికగా లేదని అర్థమవుతోంది. ఇళ్ల యజమానుల సంఘానికి అధ్యక్షుడైన అతను రెండో అంకంలో డాక్టరు దగ్గరకు తనంతట తానే వచ్చి, మెజారిటీ మొత్తం మీ వెనుక ఉంటుందని, ఏ పనైనా మితంగా చేయాలని చెబుతాడు. మూడో అంకంలో డాక్టరు అన్నే అయిన మేయరు ప్రెస్సుకు వచ్చి, మరమ్మతుల ఖర్చు పట్టణం మీదే పడుతుందని, స్నానవాటికలను రెండేళ్లు మూసివేయవలసి వస్తుందని లెక్క చెప్పేసరికి, అదే మితం అతణ్ణి అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. అతణ్ణి ఎవరూ కొనలేదు, ఎవరూ బెదిరించలేదు. తన దృష్టిలో అతను నిన్న ఎక్కడ ఉన్నాడో నేడూ అక్కడే ఉన్నాడు. ఈ చోటు చెబుతున్నప్పుడు నా గొంతు ఎక్కడా తడబడడం లేదు, అదే నాకు ఇబ్బందిగా ఉంది.

టీ విరామంలో మాస్టారు ఒక సంగతి చెప్పారు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇబ్సెన్ మరో నాటకం ‘గోస్ట్స్’ అచ్చయింది కూడా ఆ డిసెంబరులోనేనట. దాని మీద వచ్చిన తిట్లకు జవాబా అన్నట్టు 1882లో ఈ నాటకం వెలువడింది. పంతులుగారి ఇంట వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానివేస్తే, రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారని మేమందరం చదువుకొన్నదే. వెలివేసినవారు మొదట ఆపింది నీళ్లనే అన్న సంగతి మాత్రం ఈ రోజే నా మనసుకు తట్టింది.

1989లో సత్యజిత్ రాయ్ ఈ కథను ‘గణశత్రు’గా తీసినప్పుడు స్నానవాటికల స్థానంలో గుడి తీర్థాన్ని పెట్టారు. మనమూ కథను కాలవగట్టుకు మారుద్దామా అని ఒకరు అడిగితే, అప్పుడు చూసేవాళ్లు నాటకం మాని ఎవరు ఎవరో పోల్చుకొంటూ కూర్చుంటారని మాస్టారు ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం నాకు నచ్చింది. నచ్చడానికి కారణం కళాదృష్టి ఒక్కటే కాదని ఈ డైరీలోనైనా రాసుకోవాలి.

ఆయనతో విభేదించింది ఒక్కచోట. నాలుగో అంకంలో డాక్టరు మెజారిటీ ఎన్నడూ సరి కాదని, సామాన్యజనాన్ని ఊరకుక్కలతో, తనబోటివాళ్లను మేలుజాతి కుక్కలతో పోలుస్తూ మాట్లాడతాడు. జనానికి కోపం వస్తుందని మాస్టారు ఆ భాగాన్ని తీసేద్దామన్నారు. కోపం రావాలనే నా వాదన. అది తీసేస్తే డాక్టరు దేవుడవుతాడు, ఎదురుగా కూర్చున్నవాళ్లు ఉత్త మూక అవుతారు. ఆ సభలో కూర్చున్నవారికి పిల్లలున్నారు, అద్దె ఇళ్లున్నాయి, వేసవి బేరాలున్నాయి. మా వీధిలో ఎందరి ఫీజులు రొయ్యల డబ్బుతో కడుతున్నారో, మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజులో క్యాలెండర్ల వాటా ఎంతో నాకు తెలుసు. డాక్టరు చెప్పినది నిజం, చెప్పిన తీరు పొగరు. రెండూ ఉంటేనే చూసేవాడికి తప్పించుకొనే దారి దొరకదు. అరగంట తర్జనభర్జన అయ్యాక కుక్కల మాట ఉంచి, చివరి నాలుగు వాక్యాలు తగ్గించారు.

రేపు ఐదో అంకం. డాక్టరు మామగారు స్నానవాటికల వాటాలు చవకగా కొన్నారని తెలిసి, ఇదంతా డాక్టరు పన్నిన బేరమే అనుకొని, అస్లాక్సెన్ పత్రికా సంపాదకుణ్ణి వెంటబెట్టుకొని రాజీకి వస్తాడు. డాక్టరు గొడుగు ఎత్తి ఇద్దరినీ గది చుట్టూ తరుముతాడు. సామాన్ల జాబితాలో చూస్తే అన్నీ ఉన్నాయి, గొడుగొక్కటే లేదు. ఎవరు తెస్తారని మాస్టారు అడిగితే, నాది తెస్తానన్నాను.